అర్ధరాత్రి ఫోన్ ఎత్తే సర్జనే కావాలి

పెళ్లి ముహూర్తం ఖాయమయ్యాక జుట్టు నాటించుకోవాలని, పొట్ట తగ్గించుకోవాలని, ముక్కు సరిచేయించుకోవాలని బయల్దేరే యువతీయువకులు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇప్పుడు అరుదేమీ కాదు. కొందరు ఊళ్లోని క్లినిక్‌కే వెళుతున్నారు, కొందరు చెన్నైకో బెంగళూరుకో పోయి వస్తున్నారు. తన రూపం తనకు నచ్చేలా ఉండాలని కోరుకోవడంలో తప్పు లేదు. ఆ కోరికను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. మా ఆందోళన అంతా సర్జన్‌ను ఎంచుకునే తీరు గురించే. సెల్‌ఫోన్‌లో కనిపించే ‘ముందు, తర్వాత’ ఫొటోలు, వాయిదాల్లో కట్టుకోవచ్చనే ప్యాకేజీ, తెలిసినవారి మాట చూసి నిర్ణయం తీసేసుకుంటున్నారు. అంతా సవ్యంగా సాగితే ఫలితం ఎలా ఉంటుందో ఫొటోలు చెబుతాయి. ఆపరేషన్ బల్లమీద రక్తపోటు పడిపోతే, ఇంటికి వెళ్లాక ఊపిరందకపోతే ఆ డాక్టరు ఏం చేయగలరో అవి చెప్పవు. తెలుసుకోవలసింది మాత్రం అదే.

అపెండిక్స్ పగిలినవారికి ఆపరేషన్ వద్దనుకునే వీలుండదు. సౌందర్య శస్త్రచికిత్సకు వెళ్లేవారు ఆరోగ్యంగా, తమంతట తాముగా వెళతారు కాబట్టి వారికి జరిగే ఏ హానికీ సమర్థన దొరకదు. 2022 మేలో బెంగళూరులో కొవ్వు తొలగించే శస్త్రచికిత్స తర్వాత 21 ఏళ్ల కన్నడ నటి ప్రాణాలు కోల్పోయారు. 2025లో కాన్పూర్‌లో జుట్టు నాటించుకున్న ఒక ఇంజినీరు మరణించగా, ఆ క్లినిక్ నడిపిన దంతవైద్యురాలిపై పోలీసులు కేసు నమోదు చేశారు.

లైపోసక్షన్, అంటే కొవ్వు తొలగించే శస్త్రచికిత్స విషయంలో మన ప్రాంతంవారు ప్రత్యేకించి గమనించవలసిన సంగతి ఒకటుంది. కొవ్వు తీసే చోట లిగ్నోకైన్ అనే మత్తుమందు, అడ్రినలిన్ కలిపిన సెలైన్‌ను పెద్ద మొత్తంలో ఎక్కిస్తారు. ఆ లిగ్నోకైన్ కొవ్వులోంచి మెల్లగా రక్తంలోకి చేరుతూ, దాదాపు 12 గంటల తర్వాత గరిష్ఠ స్థాయికి వస్తుంది. ఉదయం చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని, సాయంత్రం బస్సెక్కి తిరుపతి చేరిన మనిషికి ఆ గడియ వచ్చేసరికి దగ్గర డాక్టరు ఉండరు, పరికరాలు ఉండవు. తోడు ఉన్నవారికి ఏం జరుగుతోందో కూడా తెలియదు. మోతాదు మించితే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. దానికి విరుగుడుగా వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ సిద్ధంగా ఉందా అని ముందే అడిగితే సరైన సర్జన్ నొచ్చుకోరు. గంటల తరబడి కాళ్లు కదలకుండా ప్రయాణించడం వల్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ముప్పు కూడా పెరుగుతుంది. ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజులు ఆ ఊళ్లోనే ఉండాలో చెప్పకుండా ప్యాకేజీ ధర మాత్రమే చెప్పే చోటు నుంచి లేచి వచ్చేయడమే మేలు.

ఇక అర్హత మాట. మన దేశంలో ప్లాస్టిక్ సర్జరీకి ఎంసీహెచ్ అనే ఉన్నత శస్త్రచికిత్స డిగ్రీ గానీ, దానికి సమానమైన జాతీయ బోర్డు పట్టా గానీ ఉండాలి. కొద్ది వారాల ఫెలోషిప్ సర్టిఫికెట్ గోడకు వేలాడినంత మాత్రాన అది ఆ చదువుకు సమానం కాదు. వర్క్‌షాపుల్లో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులోనే స్పష్టం చేసింది. జుట్టు నాటడం కూడా అందులో ఉంది. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, మందుల చీటీమీదా చూపాలన్నది నిబంధన. ఆ నంబరును కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయితే డిగ్రీ చూసి ఆగిపోకూడదు. బోర్డుమీద పేరున్న డాక్టరే స్వయంగా చేస్తారా, లేక పని అంతా టెక్నీషియన్లకు వదిలేస్తారా? మత్తు ఇచ్చే అనస్థీషియా వైద్యులు ఆపరేషన్ ముగిసేవరకూ అక్కడే ఉంటారా? పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రి ఐసీయూకు తరలిస్తారు, ఆ ఆసుపత్రితో ముందుగా మాట్లాడుకుని ఉన్నారా? రాత్రి రెండు గంటలకు నొప్పి వస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు?

తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి కదా, ఏదైనా జరిగితే అక్కడికి తీసుకెళతారులే అనే ధీమా చాలామందిలో కనిపిస్తుంది. ఆ ఆసుపత్రులకు చేరేలోపు గడిచే నిమిషాలే ప్రాణాన్ని నిలబెట్టేవి. చేర్చుకునే వైద్యులకు ఏ మందు, ఎంత మోతాదులో, ఎప్పుడు ఇచ్చారో తెలియాలి. అందుకే ఆపరేషన్ వివరాల కాగితం చేతికి తీసుకోకుండా క్లినిక్ గడప దాటకూడదు. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య నైతిక నియమావళి చెబుతోంది కానీ, ఆపదలో అంత వ్యవధి ఎవరికీ ఉండదు.

చాలా ఇళ్లలో ఇది గుట్టుగా జరిగిపోవడం మమ్మల్ని మరింత కలవరపెడుతోంది. వియ్యాలవారికి తెలుస్తుందనో, అమ్మానాన్నలు కోప్పడతారనో ఒంటరిగా వెళ్లినవారికి జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడినా చెప్పుకునే మనిషి ఉండరు. కనీసం ఒక్కరికి, అక్కకో స్నేహితుడికో, ముందే చెప్పి తోడు తీసుకువెళ్లాలి. ముహూర్తానికి నెల ముందు హడావుడి పడడంలోనూ అర్థం లేదు; నాటిన జుట్టు నిండుగా కనబడడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, ముక్కు వాపు పూర్తిగా తీరడానికీ అంతే. ‘ఇప్పుడు వద్దు’ అనో, ‘మీకు ఇది అవసరం లేదు’ అనో చెప్పి డబ్బు వదులుకునే సర్జన్‌ను మనం ఎక్కువగా నమ్మవచ్చు.

బాధ్యతంతా రోగిమీద వేసి అధికారులు తప్పించుకోలేరు. ప్రైవేటు వైద్య సంస్థలన్నీ రిజిస్టర్ కావాలని రాష్ట్రంలో 2002 నాటి చట్టం ఉంది. ఆ మేరకు సౌందర్య శస్త్రచికిత్సలు చేస్తున్న క్లినిక్‌లు, వాటిలో కత్తి పట్టే వైద్యుల అర్హతలు, అత్యవసర ఏర్పాట్ల వివరాలను రెండు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖాధికారులు తనిఖీ చేసి ప్రజల ముందు పెట్టాలి. బ్యూటీ పార్లర్ వెనుక గదిలో ఆపరేషన్ బల్ల కనిపిస్తే ఆ రోజే తాళం వేయాలి. ఇందుకోసం మరో మరణం దాకా ఆగనక్కర్లేదు.