పేరు-తర్వాత-పెడదాం

"క్లౌడ్‌లో ప్రాజెక్ట్ ఒకటి క్రియేట్ చేసి టీమ్‌కి యాక్సెస్ ఇచ్చేయండి. అయిదు నిమిషాల పని" అన్నారు మేనేజర్ గారు. అయిదు నిమిషాల పని అని ఎవరన్నా అంటే, ఆ పని చేసేది వాళ్లు కాదని అర్థం.

మేం వాడేది గూగుల్ క్లౌడ్, అంటే గూగుల్ వాళ్ల కంప్యూటర్లను నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం. ఒక పనికి కావాల్సినవన్నీ ఉంచే చోటుని ప్రాజెక్ట్ అంటారు. అందులో ప్రాజెక్ట్ పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఐడీ అలా కాదు, ఒకసారి పెడితే నుదుటి రాతే. 6 నుంచి 30 అక్షరాల్లో ఉండాలి, ప్రపంచంలో ఇంకెవరూ వాడి ఉండకూడదు. అందుకని మీటింగ్ పెట్టారు. కంపెనీ పేరు ముందుండాలని ఒకరు, టీమ్ పేరు ముందుండాలని ఇంకొకరు. అసలు టెస్టింగ్‌కీ ప్రొడక్షన్‌కీ (అంటే కస్టమర్లు వాడే అసలుదానికీ) వేర్వేరు ప్రాజెక్టులు ఉండాలి కదా అని ఒకమ్మాయి అడిగింది. ఆ మీటింగ్ మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఈలోగా స్క్రీన్ షేర్ చేస్తున్న కుర్రాడు, ఖాళీగా ఉంచడం ఎందుకని ఐడీ గడిలో 'పేరు-తర్వాత-పెడదాం' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, పొరపాటున క్రియేట్ నొక్కేశాడు. ప్రపంచంలో ఇంకెవరూ వాడని ఐడీ కావడంతో మొదటిసారే ఓకే అయింది.

డిలీట్ చేసి ఇంకొకటి చేద్దామనుకునేలోపే ఫైనాన్స్ సార్ దీనికి బిల్లింగ్ జోడించి, 'అప్రూవ్డ్' అని మెయిల్ పెట్టేశారు. ఆయన చేత ఒకే పని రెండుసార్లు చేయించే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేదు. కాబట్టి క్లయింట్ ముందు డెమో ఇచ్చినా, లింకులో ఆ ఐడీ కనిపించాల్సిందే.

ఇక యాక్సెస్. మనిషి మనిషికీ కాకుండా ఒక గ్రూప్ పెట్టి, ఎవరికి ఎంత కావాలో అంతే ఇవ్వాలని శాస్త్రం. శాస్త్రప్రకారమే మొదలుపెట్టారు. స్టోరేజ్‌లో ఫైళ్లు చూసే రోల్, అంటే అనుమతుల మూట, ఇచ్చారు. "ఏమీ కనబడట్లేదండీ, 403 వస్తోంది" అన్నాడు డెవలపర్. 403 అంటే 'నీకు అనుమతి లేదు' అని. ఆ రోల్‌తో బకెట్ (ఫైళ్లు దాచే డబ్బా) పేరు తెలిస్తే లోపలి ఫైల్ చదవచ్చు గానీ, అసలు ఏయే బకెట్లు ఉన్నాయో చూడలేం. ఆ సంగతి తెలిసి ఇంకో రోల్ కలిపారు. వెంటనే రిఫ్రెష్ కొట్టాడు. మళ్లీ 403.

ఇచ్చిన పర్మిషన్ అమల్లోకి రావడానికి మామూలుగా 2 నిమిషాలు, ఒక్కోసారి 7 నిమిషాలు దాటి కూడా పడుతుంది. డెవలపర్‌కి అంత ఓపిక ఉంటే ఇంకేదైనా ఉద్యోగం చేసుకునేవాడు. ఒక్కో రిఫ్రెష్‌కీ ఒక్కో రోల్ అడిగాడు, అడిగిందల్లా ఇచ్చారు. చివరికి పేజీ తెరుచుకుంది. ఏ రోల్ వల్ల తెరుచుకుందో ఎవరికీ తెలియదు గనుక, ఏ ఒక్కటీ తీసేయడానికి చెయ్యి రాలేదు. డెమో టెన్షన్ మొదలయ్యాక ఆ మాత్రం విచారణ కూడా పోయింది. "ప్రస్తుతానికి అందరికీ ఓనర్ ఇచ్చేయండి, తర్వాత తీసేద్దాం" అన్నారు మేనేజర్ గారు. ఐడీలో 'తర్వాత' ఊరికే పడలేదు.

ఏదైనా చేసే హక్కుతో ఓనర్ అయ్యాక మనిషి మారిపోతాడు. అంతకుముందు ఒక ఫైల్ కనిపిస్తే చాలన్నవాడు, జీపీయూ అనే ఖరీదైన చిప్ ఉన్న పెద్ద మెషిన్ ఒకటి స్టార్ట్ చేసి, చూసుకుని మురిసిపోయి, అది నడుస్తుండగానే, అంటే బిల్లు పెరుగుతుండగానే, ఇంటికెళ్లాడు.

బడ్జెట్ అలర్ట్ పెట్టే ఉంది. కానీ అది కబురు చెబుతుందే తప్ప ఖర్చు ఆపదు. మామూలుగా ఖర్చు బడ్జెట్‌లో 50, 90, 100 శాతానికి చేరినప్పుడు మెయిల్ వస్తుంది, వచ్చేది బిల్లింగ్ చూసేవాళ్లకి, అంటే ఫైనాన్స్ సార్‌కి. ప్రాజెక్ట్ 50 శాతానికి చేరిందని చదివి ఆయన "గుడ్ ప్రోగ్రెస్" అని టీమ్ అందరికీ రిప్లై పెట్టారు. 90 దగ్గర "కీపిట్ అప్" అన్నారు. పొగడ్త కదా, ఎందుకని ఎవరూ అడగలేదు. మేనేజర్ గారైతే "అంతా టీమ్ వర్క్ సార్" అని జవాబు కూడా ఇచ్చారు.

100 శాతం మెయిల్ వచ్చినప్పుడు ఫైనాన్స్ సార్ మనసు నిండిపోయింది. ఇంత త్వరగా పూర్తిచేసిన టీమ్‌ని ప్రోత్సహించాలని బడ్జెట్ రెండింతలు చేశారు. పేజీ మళ్లీ తెరిచి చూసి, గాభరాగా మేనేజర్ గారికి ఫోన్ చేశారు.

"ఏమయ్యా, పొద్దున నూరు శాతం అయిన పని ఇప్పుడు యాభై చూపిస్తోంది. చేసిందంతా ఎవడు చెరిపేశాడు?"