యోగా చాపలు సరే, క్యాంటీన్ సంగతేమిటి?

జూన్ 21 వచ్చిందంటే మన జిల్లాల్లో పెద్ద ఫ్యాక్టరీల ఆవరణల్లోనూ, ఆఫీసు మేడల మీదా చాపలు పరుచుకుంటాయి. ఉదయం ఆరున్నరకు సూర్య నమస్కారాలు, ఏడున్నరకు ఫొటోలు, ఎనిమిదింటికి క్యాంటీన్‌లో పూరీ, ఉర్లగడ్డ కుర్మా, గ్లాసెడు తీపి టీ. ఆ పూరీ కాగిన నూనెలోనే మధ్యాహ్నం అప్పడాలు, సాయంత్రం మిరపకాయ బజ్జీ. యోగా ఏడాదికొక పూట, క్యాంటీన్ ఏడాదికి మూడు వందల రోజులు. ఏది ఒంటికి పడుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

శ్రీసిటీ, రేణిగుంట, చిత్తూరు చుట్టుపక్కల ఒకటిన్నర దశాబ్దంలో పని తీరే మారిపోయింది. కలుపు తీసి, మడవ కట్టి, ఆవులు మేపిన ఇళ్ల పిల్లలు ఇవాళ కంప్యూటరు ముందు కూర్చునో, అసెంబ్లీ లైన్‌లో కదలకుండా నిలబడో ఎనిమిది గంటలు గడుపుతున్నారు. ఒంటి కష్టం తగ్గినా కంచంలో అన్నం తగ్గలేదు. తగ్గినవల్లా అన్నం పక్కనుండే పప్పు, ఆకుకూర, ఉలవచారు. ఆ చోటులోకి బిస్కెట్లు, పఫ్‌లు, కూల్‌డ్రింకులు, ఫోన్‌లో నొక్కితే అరగంటలో గుమ్మం ముందుకొచ్చే బిరియానీ చేరాయి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు. పెద్దల్లో 35.5 శాతం మందికి రక్తపోటు. దేశం మోస్తున్న మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతం సరికాని తిండి వల్లనేనని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో లెక్కగట్టింది.

యాజమాన్యాలు ఏమీ చేయడం లేదని అనలేం. అడుగుల పోటీలు, జుంబా, ఒత్తిడి మీద ఉపన్యాసాలు, ఏడాదికోసారి రక్తపరీక్షలు నడుస్తూనే ఉన్నాయి. ఫలితమే కనబడదు. ఈ తరహా కార్యక్రమాలు బాగా ముదిరిన అమెరికాలో వాటిని గట్టిగానే పరీక్షకు పెట్టారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు 5 వేల మంది ఉద్యోగులను లాటరీ పద్ధతిలో విడదీసి చూస్తే, కార్యక్రమంలో చేరిన వారు చేరకముందు నుంచే మిగతావారికన్నా ఆరోగ్యంగా, తక్కువ వైద్య ఖర్చుతో ఉన్నవారని తేలింది. ఒక టోకు దుకాణాల సంస్థకు చెందిన 160 శాఖల్లో సుమారు 33 వేల మందిపై జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఏడాదిన్నర గడిచాక 'వ్యాయామం చేస్తున్నాం, బరువు చూసుకుంటున్నాం' అని చెప్పేవారైతే పెరిగారు. బీపీ, కొలెస్టరాల్, పనికి రాని రోజులు, వైద్య ఖర్చు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మన దగ్గరా అంతే. అడుగుల పోటీలో గెలిచేది ఎటూ నెలకోసారి అలిపిరి మెట్లెక్కే మనిషే. ఆ 3,550 మెట్లు తలుచుకోగానే మోకాళ్లు పట్టుకునే సహోద్యోగి అసలు అడుగులు లెక్కపెట్టే యాప్ తెరవడు. క్యాంటీన్‌కు మాత్రం ఇద్దరూ వస్తారు.

అందుకే ఈ ఆరోగ్య (వెల్‌నెస్) కార్యక్రమాలకు పెట్టే డబ్బు ముందుగా క్యాంటీన్ టెండరులో పెట్టాలంటున్నాం. ఈ కాంట్రాక్టులన్నీ దాదాపు ఒకే అచ్చు. ప్లేటుకు ఇంత అని ధర, దాని కింద అన్నం, పప్పు, సాంబారు, ఒక తాళింపు, రసం, మజ్జిగ, అప్పడం అని పేర్లు. ఎంత పప్పు, ఎంత కూర అన్నది ఎక్కడా ఉండదు. అన్నం మాత్రం అడిగినంత. కాంట్రాక్టరు దుర్మార్గుడేమీ కాదు, లెక్క తెలిసినవాడు. కందిపప్పు ధర ఎక్కితే పప్పులో నీళ్లు పెరుగుతాయి. బీన్స్ ధర ఎక్కితే వారానికి నాలుగు రోజులు ఉర్లగడ్డ, క్యాబేజీ. రుచి పోయిందని గొడవ రాకుండా నూనె, ఉప్పు, కారం ఆ లోటు కప్పేస్తాయి. చవకగా రుచి తెచ్చేవి అవే మరి. ప్లేటు ధర రెండేళ్లు కదపకుండా నాణ్యత అడిగే యాజమాన్యానికి దక్కేది ఇదే.

వంటకం పేరు పక్కన పచ్చి సరుకు తూకం రాయించాలి. మధ్యాహ్న భోజనానికి తలకు 30 గ్రాముల పప్పు, 150 గ్రాముల కూరగాయలు, అందులో 50 గ్రాములు తోటకూరో సిర్రాకో, 100 మి.లీ. పెరుగు, బియ్యం 100 నుంచి 120 గ్రాములు. రోజంతటికీ 85 గ్రాముల పప్పుధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు కావాలని పోషకాహార సంస్థ చెబుతోంది. మనం అడిగేది అందులో మూడో వంతుకు కాస్త పైన, అంతే. ప్లేటు ధర కొంత పెరుగుతుంది. టీషర్టులకూ పతకాలకూ పోసే డబ్బు ఇటు మళ్లించవచ్చు.

అమలవుతోందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, స్టోరు రూములో ఖాళీ డబ్బాలు లెక్కపెడితే చాలు. 300 మందికి టిఫిను, భోజనం పెట్టే క్యాంటీన్ తీసుకుందాం. మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె హద్దు. ఇంట్లో తినే పూటకు కొంత వదిలితే క్యాంటీన్ వాటా 15 గ్రాములు. 300 మందికి నాలుగున్నర కిలోలు. అంటే 15 కిలోల డబ్బా మూడు రోజులు దాటి రావాలి. రోజుకో డబ్బా ఖాళీ అవుతోందంటే తలకు 50 గ్రాములు పోతోందన్నమాట. ఉప్పు హద్దు రోజుకు 5 గ్రాములు. రెండు పూటలకు 3 గ్రాములు వేసుకున్నా కిలో ప్యాకెట్‌లో ఇంకా కొంచెం మిగలాలి. రెండో ప్యాకెట్ కూడా అయిపోయిందంటే రోజు కోటాను క్యాంటీనే దాటించేసింది. ఊరగాయలో, అప్పడంలో ఉన్న ఉప్పు ఈ లెక్కలోకి రానే లేదు.

టీ సంగతి మరీ అన్యాయం. చక్కెర ముందే కలిపి ఫ్లాస్కులో పోసి పంపడం మన ఆనవాయితీ. కప్పుకు రెండు చెంచాలు, అంటే 10 గ్రాములు. రోజుకు నాలుగు కప్పులు తాగితే 40. రోజంతటికీ 25 గ్రాములు మించరాదన్న హద్దు టీతోనే తెగిపోయింది. అలాగని ఒక్కసారిగా చప్పటి టీ పెడితే జనం గేటు బయట బంకు దగ్గరకు పోతారు, అక్కడ టీకి సిగరెట్టు తోడవుతుంది. నాలుక కనిపెట్టనంత నెమ్మదిగా తగ్గించాలి. రెండు వారాలకోసారి పదో వంతు తీసేస్తూ పోతే మూడు నెలలకు దాదాపు సగం అవుతుంది. ఉప్పుకూ ఇదే దారి. బోర్డు మాత్రం పెట్టకూడదు. 'తక్కువ ఉప్పు సాంబారు' అని రాశారంటే నోట్లో పెట్టుకోకముందే చప్పగా ఉందంటారు. ఆఫీసులో ఎవరో ఒకరు కొండకెళ్లొచ్చి లడ్డూ పంచని వారం తిరుపతిలో ఉండదు, దాని జోలికి మేం పోం. కళ్లకద్దుకుని నోట్లో వేసుకునే చిన్న ముక్కతో వచ్చే ముప్పు కాదిది. వారానికి రెండు పుట్టినరోజు కేకుల గురించి మాత్రం ఆలోచించుకోవచ్చు.

వేపుడు నూనె దగ్గర జరిగే తప్పు కంటికి కనబడేదే. పూరీ వేయించిన నూనెలో బజ్జీ, మిగిలిన దానిపైన కొత్త నూనె పోసి మర్నాడు మళ్లీ పూరీ. కాగేకొద్దీ నూనె విరిగి, ధ్రువ పదార్థాలు (పోలార్ కాంపౌండ్స్) అనే చెడు సరుకు అందులో పేరుకుంటుంది. అది 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జూలై నుంచి ఉంది. అది కొలిచే మీటరు లేకపోయినా కన్నూ ముక్కూ చెబుతాయి. అంచుల్లో విడవకుండా నిలిచే సన్న నురగ, తేనెలా సాగే చిక్కదనం, పిండి వేయకముందే లేచే పొగ కనబడితే ఆ నూనె పని అయిపోయినట్టే. కొత్త నూనె కలిపితే రంగు తేటపడుతుంది గానీ పాత చెడు పోదు, కొత్తదీ త్వరగా చెడుతుంది. వారానికి ఒక్క రోజే వేపుడు పెట్టి, మిగిలిన నూనెను బయోడీజిల్ కోసం కొనేవారికి ఇచ్చేయడం మేలు. తక్కిన రోజుల్లో సాయంత్రానికి ఉలవ గుగ్గిళ్లు, అలసంద గుగ్గిళ్లు, ఉడకబెట్టిన చెనక్కాయలు, బొరుగులు. ఇవేవీ ఎక్కడి నుంచో తెప్పించాల్సిన సరుకులు కావు.

ఇక రాగి సంగటి. ఆరోగ్యం అనగానే మన జిల్లాల్లో అందరి నోటా వచ్చే మాట అదే, పొరబాటు పడేదీ అక్కడే. 100 గ్రాముల రాగుల్లో 360 మి.గ్రా. పైచిలుకు కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాములైనా లేదు. అయితే మాంసకృత్తులు రాగుల్లో 7 గ్రాములే, బియ్యం కన్నా ఎక్కువేమీ కాదు. పక్కన ఉలవచారో, ఆకుకూర పప్పో, పితికిపప్పు కూరో లేకుండా ఉత్త ముద్ద పెడితే సగం పనే చేసినట్టు. పైగా మెత్తగా పట్టించిన పిండి తొందరగా అరిగి చక్కెరను తొందరగానే పెంచుతుంది. మడక దున్నిన తాత రెండు ముద్దలు తిన్నాడని, కుర్చీలో కూర్చునే మనవడూ రెండు ముద్దలు తిని పైన అన్నం పెట్టించుకుంటే చక్కెర కొలిచే మీటరు ఊరుకోదు. సంగటి అన్నానికి బదులు, అన్నానికి తోడు కాదు.

వంటవాళ్లు సంగటికి జంకడానికీ కారణముంది. 300 మందికి ఒకే పాత్రలో కెలికితే ఉండలు కడుతుంది, ఆరితే ముద్ద గట్టిపడి పగుళ్లిస్తుంది. దాంతో బియ్యం ఎక్కువేసి, రంగు వచ్చేంత పిండి చల్లి సంగటి అనిపిస్తారు. ఒక పాలు బియ్యానికి రెండు పాళ్లు పిండి అని కాంట్రాక్టులోనే ఉండాలి. వండేది 50 మందికి ఒక విడత చొప్పున. బియ్యం మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, తెడ్డు కాడతో మధ్యలో గుంట చేసి, మూత పెట్టి సన్న సెగన పది నిమిషాలు మగ్గనివ్వాలి. అప్పుడే కెలకాలి. తొందరపడితే పచ్చి వాసన పోదు. వారానికి రెండు రోజులతో మొదలుపెడితే చాలు.

తిండి ఎంత మంచిదైనా తినే వ్యవధి ఉండాలి కదా. ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదనీ, అరగంట విరామం ఇవ్వాలనీ 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఎలక్ట్రానిక్స్ లైన్‌లో కోటు, చెప్పులు మార్చుకోవడానికి ఐదు నిమిషాలు, నడకకు మూడు, వరుసలో పది, తిరిగి కోటు తొడుక్కోవడానికి ఐదు. తినడానికి మిగిలేది ఏడు నిమిషాలు. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది గనక, ఆబగా తిన్నవాడు ఎక్కువే తింటాడు. పావుగంట తేడాతో మూడు జట్లుగా పంపి, రెండో కౌంటరు తెరిస్తే వరుస కరిగిపోతుంది. రాత్రి షిఫ్టులో ఇంకో చిక్కు. పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే చక్కెర ఎక్కువ పెరుగుతుంది, ఒంట్లో ఇన్సులిన్ ఆ వేళకు మందగిస్తుంది కాబట్టి. ఒంటి గంటకు పూర్తి భోజనం కాకుండా, షిఫ్టు ఎక్కకముందే భోజనం పెట్టి, నడిరేయి ఒక గుడ్డు, గుగ్గిళ్లు, మజ్జిగ ఇవ్వడం మేలు.

తెల్లవారుజాము బస్సుకు ఖాళీ కడుపుతో ఎక్కి పదింటి దాకా టీ, బిస్కెట్‌తో నెట్టుకొచ్చే ఆడపిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. భోజనం చేయగానే తాగే టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంట ఎడం ఉండాలి. భోజనం కౌంటరు పక్కనుంచి టీ ఫ్లాస్కు తీసేసి ఆ చోట ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడే నిమ్మచెక్కలు పెట్టడానికి కమిటీలూ కన్సల్టెంట్లూ అక్కర్లేదు.

ఆరోగ్య శిబిరాలదీ తంతే. మూడు గంటల్లో 300 మందికి ఒక్క మిషన్‌తో బీపీ చూస్తే మనిషికి దక్కేది 36 సెకన్లు. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన వాడికి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, లావు చేతికి చిన్న పట్టీ బిగించి చూసే అంకె దేనికీ పనికిరాదు. టీ తాగి అరగంట గడవాలి, ఐదు నిమిషాలు వీపు ఆనించి మౌనంగా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, రెండుసార్లు చూడాలి. రోజుకు 30 మంది చొప్పున పది రోజులు పెట్టుకుంటే సాధ్యమే. నడుము కొలత టేపుతో అయిపోతుంది, మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్షలో (HbA1c) 5.7 నుంచి 6.4 శాతం వచ్చినవారే అసలు పలకరించి వెంటపడాల్సినవారు, తిండితో తేలిగ్గా వెనక్కి తిప్పగలిగేది ఆ దశలోనే. రిపోర్టు మాత్రం ఆ మనిషి చేతికే అందాలి, యాజమాన్యానికి మొత్తం లెక్క చాలు. తన ఉద్యోగ కాంట్రాక్టు పొడిగించరేమోనన్న భయం ఉన్నంతకాలం చక్కెర ఉన్నవాడు శిబిరం రోజున సెలవు పెడుతూనే ఉంటాడు.

250 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాలన్నది పాత చట్టం. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ గీతను 100కు దించింది, కాంట్రాక్టు కార్మికులనూ ఆ లెక్కలో చేర్చింది. క్యాంటీన్ కమిటీలో కార్మికులకు చోటుండాలన్నది 1948 నాటి మాటే. ఆ కమిటీలు కాగితం మీద సమావేశమై, కాగితం మీదే టీ తాగుతున్నాయి. తనిఖీకి వచ్చే అధికారులు మంటలార్పే సిలిండరు తేదీ చూసినట్టే గడిచిన నెల నూనె, ఉప్పు, పప్పు రసీదులు తెప్పించుకుని భోజనాల సంఖ్యతో భాగించి చూడాలి. పది నిమిషాల పని.

ఏ గీత కిందికీ రాని వాళ్లున్నారు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ దుకాణాల్లో, బస్టాండు ఎదుటి లాడ్జీల్లో పనిచేసే కుర్రాళ్లు గిరాకీ తగ్గాక నాలుగింటికి బండి మీద నూడుల్స్‌తో పొద్దు పుచ్చుతారు. ఇక్కడ క్యాంటీన్ కట్టమనలేం. నాలుగైదు దుకాణాలు కలిసి ఒక ఇంటి వంటకు ముప్పై క్యారియర్లు మాట్లాడుకుని, ఒకటిన్నర నుంచి రెండున్నర మధ్య వంతులవారీగా కుర్రాళ్లను తినడానికి వదిలితే చాలు. ఆ గంటలో పోయే బేరమెంతో యజమానులే ఒక వారం లెక్క వేసి చూసుకోవచ్చు.