రాణిగారూ, ఆయనకి నాలుగు తగిలించండి

మొన్న ఆదివారం మా పాత ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరో క్విజ్ పెట్టారు. "బీబీసీ టీవీలో మొట్టమొదటిసారి ఎఫ్‌తో మొదలయ్యే బూతు మాట అన్న ఘనుడెవరు?" ఆన్సర్ కెన్నెత్ టైనన్, ఇంగ్లండ్‌లో పేరుమోసిన నాటక విమర్శకుడు. కింద వరసగా నవ్వుల ఎమోజీలు, ఇద్దరైతే దండం కూడా పెట్టారు, ఎందుకో నాకింకా తెలీదు. అంతే, మనిషి చాప్టర్ క్లోజ్. నలభై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన్ని ఊరంతా "ఆ రోజు జెండా వందనంలో పంచె జారినాయన" అని గుర్తుపెట్టుకున్నట్టుంది. పైగా ఆ మొదటి అనే ముక్క కూడా డౌటే, 1956లోనే బ్రెండన్ బీహన్ అనే ఐరిష్ నాటక రచయిత ఫుల్లుగా తాగి టీవీ కొచ్చి అదే మాట అన్నాడంటారు, కాకపోతే ఆయనేమంటున్నాడో ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి దేశం క్షేమంగా ఉండిపోయింది.

తెలీనివాళ్ళకోసం గబగబా చెప్పేస్తా. 1927లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి పీటర్ పీకాక్, సర్ బిరుదు, వారింగ్టన్‌కి మేయరుగా చేసిన పెద్దమనిషి, అక్కడ సొంత పేరుతో ఒక సంసారం, ఇక్కడ టైనన్ అనే పేరుతో ఇంకో సంసారం. కొడుక్కి ఈ సంగతి 1948లో తండ్రి పోయాకే తెలిసింది. అంటే మర్యాదస్తుల మర్యాద ఎంత లోతో ఈయన బయటెక్కడా నేర్చుకోనక్కర్లేదు, ఇంట్లోనే ట్యూషన్ అయిపోయింది. ఆక్స్‌ఫర్డ్ చదువయ్యాక 1951లో అలెక్ గిన్నెస్ హామ్లెట్‌లో చిన్న వేషం వేస్తే లండన్ పేపర్లో ఒక క్రిటిక్ చీల్చి చెండాడాడు, ఈయన దానికి జవాబు రాశాడు, ఆ జవాబు చూసి అదే పేపరువాళ్ళు ఉద్యోగమిచ్చారు, కొన్నాళ్ళకి తిట్టినాయన కుర్చీలోనే కూర్చోబెట్టారు. వేషం దరిద్రంగా వేస్తే వచ్చిన ఉద్యోగం ఇదొక్కటే అనుకుంటా.

1954 నుంచి అబ్జర్వర్ పేపర్లో నాటకాల క్రిటిక్. రాసే బల్ల దగ్గర ఒక కాగితం అంటించుకున్నాడు: కోపాలు రేపు, పొడువు, గీరు, సుడిగాలులు లేపు. 1956 మేలో రాయల్ కోర్ట్ థియేటర్‌లో జాన్ ఆస్బోర్న్ 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' వచ్చినప్పుడు పెద్ద క్రిటిక్కులు చాలామంది పెదవి విరిస్తే ఈయన మాత్రం ఈ నాటకం చూడాలనిపించనివాళ్ళని నేను ప్రేమించగలనో లేదో అని రాశాడు. నటి వివియన్ లీని మాత్రం అన్యాయంగా రాచి రంపాన పెట్టాడు, అది నేనొప్పుకోను. ఆవిడ మాజీ భర్త, నటుడు లారెన్స్ ఒలివియే 1963లో నేషనల్ థియేటర్ పెడుతుంటే ఈయనే ఉత్తరం రాసి ఉద్యోగం అడిగాడు చూడండి, ఆ ధైర్యానికి ఇచ్చేయాలి. ఇచ్చారు కూడా.

ఇక అసలు ఘట్టం. 1965 నవంబర్ 13 రాత్రి, బీబీసీ టీవీలో సెన్సార్ మీద చర్చ. ఆ మాట వింటే బెదిరిపోయే బుద్ధున్నవాళ్ళు ఎవరైనా ఉంటారా అన్న అర్థంలో, ఉదాహరణగా ఆ మాట వాడాడు. ఎవర్నీ తిట్టలేదు. తెల్లారేసరికి దేశం తలకిందులు. బీబీసీ క్షమాపణ, పార్లమెంటులో నాలుగు తీర్మానాలు, 133 మంది ఎంపీల సంతకాలు, లేబర్ పార్టీ, టోరీ పార్టీ అనే భేదం లేకుండా. ఏ బడ్జెట్‌కీ కలవనివాళ్ళు ఒక్క మాటకి కలిశారు.

ఇవన్నీ ఒకెత్తు, మేరీ వైట్‌హౌస్ గారి ఉత్తరం ఒకెత్తు. టీవీని శుభ్రం చేయడానికి కంకణం కట్టుకున్న ఈవిడ ఏకంగా ఎలిజబెత్ రాణిగారికి రాసింది, ఈ టైనన్‌కి పిర్రల మీద నాలుగు తగిలించాలి అని. నేను కల్పించట్లేదు, నా వల్ల కాదు. నా బెంగల్లా ప్యాలెస్‌లో ఆ ఉత్తరం విప్పిన గుమాస్తా గురించే. ఏ సెక్షన్‌కి పంపాలి? గుర్రాల సెక్షనా, విందుల సెక్షనా? ఫైలు తెరవాలి, సబ్జెక్ట్ రాయాలి, దెబ్బలెన్నో ఆర్డర్‌లో లేదు కాబట్టి వివరణ కోరుతూ తిరిగి రాయాలి, బెత్తానికి టెండర్ పిలవాలి, రాణిగారు స్వయంగానా ప్రతినిధి ద్వారానా, గోడకుర్చీ వేయిస్తే సరిపోదా, కొట్టేటప్పుడు బ్యాండు వాయించాలా, జాతీయ గీతం ముందా తర్వాతా. చివరికి ఫైలు రాజప్రాసాదం పెద్ద ఉద్యోగి లార్డ్ ఛాంబర్లెయిన్ బల్ల మీదకే చేరి ఉంటుంది. ఆయన పక్కన చిన్న నోట్ పెట్టాల్సింది: టైనన్ డైరీలు తర్వాత్తర్వాత అచ్చయ్యాయి, అందులో తేలిందేమిటంటే ఆ నాలుగు దెబ్బలనే వ్యవహారం ఆయనకి మహా ఇష్టమైన వ్యాపకమట. వైట్‌హౌస్ గారు అడిగింది శిక్ష కాదు, బహుమతి.

నవ్వు అక్కడితో ఆపండి. ఆ లార్డ్ ఛాంబర్లెయిన్ ఎవరో తెలుసా? అప్పట్లో ఆ కుర్చీలో ఉన్న లార్డ్ కోబోల్డ్ అంతకుముందు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు. నోట్లు లెక్కపెట్టినాయన నాటకాల్లో మాటలు లెక్కపెట్టాడు. ఇంగ్లండ్‌లో జనం ముందు ఏ కొత్త నాటకం వేయాలన్నా స్క్రిప్టు ముందు ఈ ఆఫీసుకి పంపాలి, ఫీజు కట్టి మరీ పంపాలి, వాళ్ళు నీలం పెన్సిల్‌తో కొట్టేసింది నోరు మూసుకుని తీసేయాలి. 1737లో వాల్పోల్ అనే నాయకుడు, నాటకాల్లో తనని ఎగతాళి చేస్తున్నారని తెచ్చిన చట్టం అది. బెకెట్ రాసిన 'ఎండ్‌గేమ్' నాటకం 1957లో లండన్‌లోనే ఫ్రెంచ్‌లో ఆడింది, అభ్యంతరం లేదు. మరుసటేడు ఇంగ్లీషులో వేస్తామంటే అందులో దేవుణ్ణి "బాస్టర్డ్, అసలు లేనే లేడు" అన్నారని ఆపేశారు, అంటే దేవుడికి ఫ్రెంచ్ రాదన్నమాట. బేరాలయ్యాక "పంది" అంటే ఒప్పుకున్నారు. మనకైతే వరాహావతారం ఉంది కాబట్టి సర్దుకుపోతాం, పాపం వాళ్ళకి అదీ లేదు.

టైనన్ నోరు జారడానికి సరిగ్గా పది రోజుల ముందు, అదే లండన్‌లో, ఎడ్వర్డ్ బాండ్ నాటకం 'సేవ్డ్' మొదలైంది. పార్కులో బండిలో ఉన్న పసిబిడ్డని కుర్రాళ్ళు రాళ్ళేసి చంపే సీనుంది అందులో. పేదరికం మనుషుల్ని ఏం చేస్తుందో చూపించిన నాటకం. లైసెన్సివ్వం అన్నారు, క్లబ్బు మెంబర్లకి మాత్రమే అని వేస్తే కేసు పెట్టారు, కోర్టు తప్పు మీదేనంది. దాని మీద 133 మంది సంతకాలేవీ? ఒక్క మాటకి గుండెలు బాదుకున్న ఈ పెద్దమనుషులకి రెండొందల ఏళ్ళుగా రచయితల నోట్లో గుడ్డలు కుక్కుతున్న ఆఫీసు కనపడలేదా? సిగ్గుండాలి. బూతు అంటే అది! అనుమతి లేకుండా ఒక్క వాక్యం పలకకూడదు అనడమే బూతు! ఆ సరుకు మనకీ ఎగుమతి చేశారు, 1876లో కలకత్తాలో ఒక ప్రహసనం యువరాజు రాకని వెక్కిరించిందని నాటక ప్రదర్శనల చట్టం తెచ్చి నెత్తిన పెట్టారు. లండన్‌లో నాటకాల సెన్సార్ రద్దై ఆ పెన్సిల్ 1968 సెప్టెంబర్ 26న విరిగింది, మర్నాడే 'హెయిర్' అనే మ్యూజికల్ నాటకం స్టేజీ ఎక్కింది. మన చట్టం మాత్రం పుస్తకాల్లో ఇంకో అర్ధ శతాబ్దం బజ్జుంది.

ఆ పెన్సిల్ విరగ్గొట్టింది టైనన్ ఒక్కడే అనట్లేదు, చాలామంది కొట్లాడారు. కానీ ఆ ఆఫీసుని రాజావారి బూతుల వేటకుక్క అని అచ్చులో పిలిచింది ఈయన. 1980లో, 53 ఏళ్ళకి, ఊపిరితిత్తులు పాడై పోయాడు, సిగరెట్టు మధ్యవేలికీ ఉంగరం వేలికీ మధ్య పెట్టుకునేవాడు, ఆ స్టైలు కోసమైనా వదల్లేదు.

ఇదంతా టైప్ చేసి గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో అడ్మిన్ డిలీట్ చేసేశాడు, "అన్నా, గ్రూపులో లేడీస్ కూడా ఉన్నారు, ఇలాంటివి వద్దు ప్లీజ్" అని పర్సనల్‌గా మెసేజ్. అందులో బూతెక్కడుందిరా అనడిగితే వెతికి చెప్తానన్నాడు. క్విజ్ మాత్రం ఇంకా పైన పిన్ చేసే ఉంది.