మగతనం వేరు, సంతాన సామర్థ్యం వేరు

పిల్లలు కలగడం ఆలస్యమైతే పరీక్షలు చాలాసార్లు భార్యతోనే మొదలవుతాయి. స్కానింగులూ రక్తపరీక్షలూ మందులూ అన్నీ ఆమెకే. నిజానికి సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో పురుషుడి వైపు లోపం కూడా ఎంతో కొంత ఉంటుంది. అయినా భర్త వీర్య పరీక్షకు వెళ్లడు. 'దాంపత్యంలో ఏ ఇబ్బందీ లేదు, నాకేం లోటు?' అన్న ధీమా అతన్ని ఆపేస్తుంది. తన శరీరం ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చిన ధీమా అది. దానికి మూల్యం మాత్రం భార్య చెల్లిస్తోంది.

వృషణాలు రెండు పనులు చేస్తాయి. వాటిలో మెలికలు తిరిగిన సన్నని నాళికలు ఉంటాయి. వీర్యకణాలు తయారయ్యేది అక్కడే. ఆ నాళికల నడుమ ఉండే లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. గడ్డం, బొంగురు గొంతు, కండ, కోరిక ఈ రెండో పని వల్ల వచ్చేవే. వాటిని చూసి మొదటి పని సవ్యంగా జరుగుతోందని చెప్పలేం. వీర్యంలో ఒక్క కణం కూడా లేని మనిషికి అంగస్తంభన, స్ఖలనం మామూలుగా ఉండవచ్చు. ద్రవం ఎంత వచ్చిందో చూసినా ఏమీ తెలియదు. అందులో సుమారు మూడింట రెండు వంతులు వీర్యకోశాల నుంచి వస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రోస్టేట్ గ్రంథి నుంచి. వీర్యకణాల వాటా దాదాపు 5 శాతం లోపే.

వేసెక్టమీ (మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అంటే మగవాళ్లు బెదిరిపోవడానికీ ఇదే అయోమయం కారణం. ఆ ఆపరేషన్‌లో కత్తిరించేది వీర్యకణాలు నడిచే శుక్రవాహికలను మాత్రమే. హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి దానికి అడ్డేమీ ఉండదు. స్తంభనకు కావలసిన నరాలూ రక్తనాళాలూ వేరే. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కోత పైభాగంలో అప్పటికే చేరిన కణాలు ఖాళీ కావడానికి సుమారు 3 నెలలు పడుతుంది. పరీక్షలో కణాలు లేవని తేలేదాకా మరో గర్భనిరోధక పద్ధతి వాడాలి.

ఇంత ముఖ్యమైన అవయవాలు శరీరం బయట ఎందుకున్నాయన్నది చాలామందికి వచ్చే సందేహమే. వీర్యకణాల తయారీకి శరీర ఉష్ణోగ్రత కంటే 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడి కావాలి. అందుకే పొత్తికడుపులో ఏర్పడిన వృషణాలు గర్భస్థ దశ చివరి నెలల్లో సంచిలోకి దిగుతాయి. చలికి కండరం వాటిని పైకి లాగుతుంది, వేడికి సంచి సడలుతుంది. లోపలికొచ్చే ధమని చుట్టూ సిరలు వలలా అల్లుకుని, వచ్చే రక్తాన్ని ముందే చల్లబరుస్తాయి. ఈ సిరలు ఉబ్బితే దాన్ని వేరికోసిల్ అంటారు. ఎక్కువగా ఎడమవైపే వస్తుంది, ఎందుకంటే ఎడమ సిర మూత్రపిండపు సిరలోకి దాదాపు లంబకోణంలో కలుస్తుంది. ఇది మగవాళ్లలో సుమారు 15 శాతం మందిలో ఉంటుంది. సంతానం కోసం వైద్యులను కలిసే మగవాళ్లలో మూడో వంతుకు పైగా కనిపిస్తుంది. చాలామందిలో నొప్పి ఉండదు, వైద్యుడు చేత్తో పరీక్షిస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆ ఒక్క పరీక్షకే సిగ్గు అడ్డొస్తోంది.

అదే సిగ్గు పిల్లల విషయంలో ఇంకా ప్రమాదకరం. పుట్టిన 6 నెలలకు కూడా వృషణం కిందికి దిగకపోతే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించాలి. కుర్రాడికి అక్కడ హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే వృషణం మెలిపడి ఉండవచ్చు. రక్తప్రసారం ఆగిన వృషణాన్ని కాపాడుకోవడానికి ఉన్న వ్యవధి దాదాపు 6 గంటలు. పొద్దున చూద్దాంలే అనుకునే నొప్పి కాదది.

కాలం లెక్క కూడా తెలియాలి. ఒక వీర్యకణం తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది. ఆపైన దాదాపు 6 మీటర్ల పొడవున చుట్టుకుని ఉన్న ఎపిడిడిమిస్ గొట్టంలో పరిణతి చెందాలి, ఈదడం అక్కడే వస్తుంది. ఈ రోజు ఇచ్చిన నమూనాలో కనిపించేది రెండు మూడు నెలల కిందట మొదలైన పని. మధ్యలో తీవ్రమైన జ్వరం వచ్చినా సంఖ్య పడిపోవచ్చు, అందుకే ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాల కనీస ప్రమాణం కూడా లక్ష్మణరేఖ కాదు. ఏడాదిలోపు తండ్రులైనవాళ్లలోనూ 5 శాతం మంది అంతకంటే దిగువనే ఉన్నారు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది కండల కోసమో, నీరసం పోవాలనో వేసుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు. మగ హార్మోనే కదా, సంతాన శక్తి పెరుగుతుందనుకుంటారు. జరిగేది పూర్తిగా తలకిందులు. రక్తంలో హార్మోన్ ఎక్కువైందని గమనించిన మెదడు, తన అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే సంకేతాలను ఆపేస్తుంది. దాంతో వృషణం సొంత టెస్టోస్టెరాన్ చేయడం మానేస్తుంది. వీర్యకణాల తయారీకి వృషణం లోపల రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ హార్మోన్ ఉండాలి, సూది మందు ఆ స్థాయిని అందించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో వారం వారం ఇచ్చే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించింది, అది పనిచేసింది కూడా. ఆపేశాక చాలామందిలో కణాలు తిరిగి వస్తాయి, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏడాదికి పైనే. అందుకే ఈ మందు రాసే ప్రతి వైద్యుడూ 'పిల్లలు కావాలనుకుంటున్నారా?' అని ముందు అడిగి తీరాలి. అవునంటే, వృషణాన్నే ప్రేరేపించే హెచ్‌సీజీ, క్లోమిఫిన్ లాంటి మందులు ఉన్నాయి.