నారుమడికి పట్టా లేదు

జట్టు పేరులో ఉన్న ఊరు వెస్ట్ వర్జీనియాలో ఉంది. జట్టు ఆడే మైదానం రాష్ట్ర సరిహద్దుకు అవతల, వర్జీనియాలో ఉంది. ఆ మైదానం మీద హక్కు మళ్లీ ఇవతలి ఊరి మునిసిపాలిటీదే. ఆటగాళ్లకు జీతాలిచ్చింది మాత్రం ఈ రెండు రాష్ట్రాల్లోనూ లేని వాళ్లు: 2010 దాకా బాల్టిమోర్ ఓరియోల్స్, ఆ తర్వాత కెనడాలోని టొరంటో బ్లూ జేస్. అమెరికా బేస్‌బాల్ నిచ్చెనలో అన్నిటికన్నా కింది మెట్టు మీద ఆరు దశాబ్దాలు ఆడిన బ్లూఫీల్డ్ జట్టు సంగతి ఇది. ఇంతమంది చేతులు పడిన ఆ జట్టు 2020లో మాయమైంది. అప్పటి నుంచి అక్కడ ఒక వాదన నడుస్తూనే ఉంది. ఊరి జట్టును మేజర్ లీగ్, అంటే ఓరియోల్స్, బ్లూ జేస్ లాంటి పెద్ద జట్ల లీగ్, లాక్కుందని ఒక వైపు, అసలది ఊరి జట్టు ఎప్పుడైంది అని ఇంకో వైపు.

నాకు రెండో ప్రశ్న దగ్గరే ఆగాలనిపిస్తుంది.

క్రికెట్ అలవాటైన మనకు ఈ ఏర్పాటు కొంచెం వింతగా ఉంటుంది. రంజీ జట్టును ఐపీఎల్ జట్టు నడపదు. బేస్‌బాల్‌లో అలా కాదు. ఒక్కో మేజర్ లీగ్ జట్టు కింద అంచెలంచెలుగా చిన్న జట్లు ఉంటాయి. కుర్రాడితో ఒప్పందం రాయించుకునేది పెద్ద జట్టే. అతనికి జీతం, కోచ్, ఎప్పుడు పైకి పంపాలి, ఎప్పుడు ఇంటికి పంపాలి అన్నీ దాని చేతిలోనే. చిన్న ఊరి యాజమాన్యం మైదానం చూసుకుంటుంది, టికెట్లు అమ్ముతుంది, లైట్లు వేస్తుంది, హాట్‌డాగ్‌లు అమ్మి కరెంటు బిల్లు కడుతుంది. 1920ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ను నడిపిన బ్రాంచ్ రిక్కీ ఈ పద్ధతిని పక్కాగా కట్టాడు. దానికి ఫార్మ్ సిస్టమ్ అని పేరు పడింది. పేరు సరిగ్గానే కుదిరింది. చిన్న ఊళ్లు నారుమళ్లు. విత్తనం ఆసామిది, పంట ఆసామిది, మడికి నీళ్లు పెట్టేది మాత్రం ఊరు.

బ్లూఫీల్డ్ బొగ్గు ఊరు. అపలాచియన్ కొండల్లో, పోకహాంటస్ బొగ్గు గనుల అంచున, సుమారు 2,600 అడుగుల ఎత్తున ఉంటుంది. గనుల నుంచి బొగ్గు మోసుకెళ్లే నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే (ఇప్పుడది నార్‌ఫోక్ సదరన్) యార్డు ఊరి మధ్యలోంచే సాగుతుంది. వేసవి చల్లగా ఉంటుందని వాళ్లకు గొప్ప. ఉష్ణోగ్రత 90 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన 32కు చేరితే చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లు జనానికి ఉచితంగా నిమ్మరసం పంచుతారు. (మన కొత్తగూడెంలో ఈ హామీ ఇస్తే ఫిబ్రవరిలోనే చేతులెత్తేయాలి.) 1950 నాటికి ఊరి జనాభా 21 వేలు దాటింది. 2020 లెక్కల్లో 10 వేలు కూడా లేదు.

బోవెన్ ఫీల్డ్ మైదానం 1939లో తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో ఊరు అపలాచియన్ లీగ్‌లో చేరింది. ఆ రోజుల్లో చిన్న లీగులకు మహర్దశ. 1949లో దేశమంతటా 59 మైనర్ లీగులు నడిచాయి. తర్వాత ఇళ్లలోకి టీవీ వచ్చింది. రాత్రి పూట మైదానానికి వెళ్లే జనం సోఫాల్లో కూర్చున్నారు. పదేళ్లు తిరిగేసరికి ఆ 59 మూడో వంతుకు పడిపోయాయి. బ్లూఫీల్డ్ కూడా తట్టుకోలేక ఊగిసలాడింది. 1957లో ఒక్క సీజన్ డాడ్జర్స్ కింద ఆడి, 1958లో ఓరియోల్స్ చేయి పట్టుకుంది.

ఈ కథలో అసలు మలుపు 1963లో ఉందని నా అభిప్రాయం. ఆ ఏడాది పాత తరగతులను రద్దు చేసి మైనర్ లీగులను కొత్తగా అమర్చారు. కొత్తగా ఆటలోకి వచ్చే కుర్రాళ్ల మెట్టుకు రూకీ అని పేరు పెట్టారు, అపలాచియన్ లీగ్ ఆ మెట్టు మీద నిలిచింది. చిన్న లీగులు మూతపడకుండా జీతాల బరువు మేజర్ లీగ్ జట్లు మోయడానికి ఒప్పుకున్నాయి. అది దయ కాదు, వాళ్లకూ నారు కావాలి. ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ ఇకపై తమ మైదానంలో ఆట ఉండాలా వద్దా అనేది ఇంకొకరి బడ్జెట్ పుస్తకంలోకి వెళ్లిపోయింది. యాభై ఏడేళ్ల తర్వాత జరిగినదానికి ముడి అక్కడే పడింది.

ఆ మడిలోంచి లేచిన మొక్కలు మామూలువి కావు. బూగ్ పావెల్ 1959లో, డాన్ బేలర్, బాబీ గ్రిచ్ 1967లో, ఎడ్డీ మర్రే 1973లో ఇక్కడే మొదటి అడుగు వేశారు. మర్రే తర్వాత 504 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. అందరికన్నా నాకు ఇష్టమైన ఉదాహరణ 1978 వేసవిది. ఓరియోల్స్ కోచ్ కొడుకు, 17 ఏళ్ల కుర్రాడు షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్‌గా వచ్చాడు. సీజన్ మొత్తం మీద ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. ఫీల్డింగ్‌లో ముప్పైకి పైగా తప్పులు చేశాడు. అంటే రెండు మ్యాచ్‌లకు ఒకసారి బంతి వదిలేయడమో, తప్పుగా విసరడమో. అతని పేరు కాల్ రిప్కెన్ జూనియర్. ఐదేళ్లకు, 1983లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఓరియోల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 1995లో, ఒక్కటీ వదలకుండా వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడిన పాతతరం ఆటగాడు లూ గెరిగ్ రికార్డును దాటి, చివరికి 2,632 దగ్గర ఆగాడు.

రూకీ లీగ్ ఎందుకు అని ఎవరైనా అడిగితే ఈ స్కోరుకార్డు ఒక్కటి చూపిస్తే చాలు. అక్కడ గెలవడం ముఖ్యం కాదు. వయసు రాని కుర్రాడు టికెట్ కొనుక్కున్న జనం ఎదుట తప్పు చేసి, మర్నాడు మళ్లీ అదే చోట నిలబడటం ముఖ్యం. బ్లూఫీల్డ్‌లో జనం చాలా రోజులు వందల్లోనే వచ్చేవారు. ఆ వందల మందికి ప్రతి జూన్‌లో జట్టంతా కొత్తే. బాగా ఆడినవాడు ఆగస్టు దాటాక ఉండడు, ఆడనివాడూ ఉండడు. ఏటా నారు పీకేసే మడిని ప్రేమించడం అంటే అదే. ఓరియోల్స్‌తో బంధం 53 సీజన్లు నిలిచింది. ఆనాటికి మైనర్ లీగుల్లో అంత పొడవైన ఎడతెగని బంధం ఇంకోటి లేదు. 2010లో బాల్టిమోర్ తెంచుకుంది. మరుసటి ఏడే టొరంటో వచ్చింది కాబట్టి ఆ దెబ్బ పెద్దగా తెలియలేదు. తెలిసుంటే బాగుండేదేమో.

ఇక్కడే మన సానుభూతిని కొంచెం పక్కన పెట్టి జీతాల పట్టీ చూడాలి. 2016లో 17 ఏళ్ల వ్లాదిమీర్ గెరేరో జూనియర్ బ్లూఫీల్డ్‌లో ఆడాడు. అతను 39 లక్షల డాలర్ల బోనస్‌తో వచ్చినవాడు, 2025లో టొరంటోతో 50 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అదే డ్రెస్సింగ్ రూమ్‌లో మిగతా వాళ్ల జీతం నెలకు సుమారు 1,100 డాలర్లు, అదీ సీజన్ నడిచిన నెలల్లోనే. శిక్షణ శిబిరాలకు జీతమే లేదు. ఊరి కుటుంబాలు ఇంట్లో చోటిచ్చి అన్నం పెడితే బతికిన కుర్రాళ్లు ఎంతమందో. ఇద్దరు ముగ్గురు నిజమైన ఆశాకిరణాలకు రోజూ మ్యాచ్ దొరకాలంటే చుట్టూ ముప్పై మంది కావాలి. ఆ మిగతా వాళ్లు మేజర్ లీగ్ మొహం చూడరని జట్టుకు తెలుసు, వాళ్లకు మాత్రం ఎవరూ చెప్పరు. 2018లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) భారీ ఖర్చుల బిల్లులో ఒక నిబంధన ఇరికించి, మైనర్ లీగ్ ఆటగాళ్లకు ఓవర్‌టైమ్ చట్టం వర్తించకుండా చేసింది. దాని పేరు సేవ్ అమెరికాస్ పాస్‌టైమ్ యాక్ట్. అమెరికా ఆటను కాపాడే చట్టం అట! చిన్న ఊళ్లలో ఆట బతకాలంటే జీతాలు పెంచకూడదన్నది దాని వెనక వాదన. రెండేళ్లు తిరక్కుండా ఆ వాదన చేసినవాళ్లే చిన్న ఊళ్ల ఆటను కత్తిరించడానికి సిద్ధమయ్యారు.

2019 చివర్లో మేజర్ లీగ్ ప్రతిపాదన బయటికి వచ్చింది. 160 చిన్న జట్లను 120కి తగ్గించాలని. మైదానాలు బాగాలేవు, ప్రయాణాలు ఎక్కువ, అవకాశం లేని కుర్రాళ్లను మోయడం వృథా అన్నది మేజర్ లీగ్ మాట. వందమందికి పైగా కాంగ్రెస్ సభ్యులు వద్దని లేఖ రాశారు. తర్వాత కోవిడ్ వచ్చి 2020 సీజన్ రద్దయింది. ఆ సెప్టెంబరు చివర్లో పెద్ద జట్లకూ చిన్న జట్లకూ మధ్య ఉన్న పాత ఒప్పందం గడువు తీరింది. అపలాచియన్ లీగ్‌లోని 10 జట్లూ ఒక్క దెబ్బకు ప్రొఫెషనల్ బేస్‌బాల్ నుంచి బయటికి వచ్చాయి.

బ్లూఫీల్డ్‌లో 1928లో పుట్టిన ఒక గణిత మేధావి ఈ బేరాన్ని 70 ఏళ్ల ముందే కాగితం మీద పెట్టాడు. జాన్ నాష్. ఇద్దరు బేరమాడుతున్నప్పుడు ఎవరికి ఎంత దక్కుతుందనే సమస్యపై 1950లో ఆయన వ్యాసం అచ్చయింది. బేరం చెడితే ఎవరి చేతిలో ఏం మిగులుతుందన్నదే అందులో కీలకం. బేరం చెడితే మేజర్ లీగ్‌కు సొంత శిక్షణ కేంద్రాలున్నాయి, ఆటను కొలిచే కెమెరాలున్నాయి, 2019లో వెయ్యి కోట్ల డాలర్లు దాటిన ఆదాయం ఉంది. ఊరికి ఖాళీ మైదానం. పైగా 30 పెద్ద జట్లూ ఒక్క గొంతుతో మాట్లాడే వీలును 1922లోనే సుప్రీంకోర్టు ఇచ్చింది, పోటీ నిరోధక చట్టాల నుంచి బేస్‌బాల్‌ను మినహాయించి. బ్లూఫీల్డ్ ఇంకో కొనుగోలుదారుడిని వెతుక్కునే దారి లేదు. నాష్ పుట్టిన ఊరికి ఈ లెక్క ఎలా తేలుతుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

మేజర్ లీగ్ వాదనలో నిజం లేకపోలేదు. కోత తర్వాత ఆటగాళ్ల బతుకు మెరుగుపడింది. 2022లో వాళ్లు యూనియన్‌లో చేరారు. తక్కువ జీతాల మీద ఆటగాళ్లు వేసిన పాత కేసు 18.5 కోట్ల డాలర్లతో రాజీకి వచ్చింది. 2023 ఒప్పందంలో అట్టడుగు మెట్టు ఆటగాడి ఏడాది జీతం 4,800 డాలర్ల నుంచి 19,800కు పెరిగింది. నారుమడి మీద బెంగ పెట్టుకున్న వాళ్లు ఈ అంకెను దాటేసి మాట్లాడకూడదు. కానీ జీతం పెరగాలంటే ఊరు పోవాల్సిందే అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆ పది ఊళ్ల జట్ల ఖర్చు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం ముందు ఎంత? జీతాలు పెంచింది కూడా కోత పుణ్యం కాదు, కోర్టు కేసూ యూనియనూ. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి చూపించడం తెలివైన పని, అంతే.

రూకీ ఆట ఆగిపోలేదు. ఫ్లోరిడా, అరిజోనాల్లోని శిక్షణ ప్రాంగణాల్లోకి, డొమినికన్ రిపబ్లిక్‌లోకి ముడుచుకుంది. మన దేశానికి ఆ ప్రపంచంతో చిన్న పరిచయం ఉంది. 2008లో ఒక టీవీ పోటీలో ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2009లో ఆడింది ఫ్లోరిడాలోని అలాంటి ప్రాంగణంలోనే. (కోల్‌కతా రింకూ కాదు, ఈయన తర్వాత కుస్తీ వైపు వెళ్లాడు.) అక్కడ పగటి పూట ఆట, టికెట్ లేదు, గ్యాలరీలో జనం అంటే కోచ్‌లు, ఆటగాళ్లను వెతికే స్కౌట్లు, ఒకరిద్దరు తల్లిదండ్రులు. మన పల్లెల్లో మిరప నారు ఇంటి మడిలోంచి షేడ్‌నెట్ నర్సరీ ట్రేలలోకి మారినట్టే. మొక్క బాగానే వస్తుంది, బహుశా ఇంకా బాగా వస్తుంది. జనం ముందు 30 తప్పులు చేసే అవకాశం మాత్రం అక్కడ లేదు. ఆ లోటు ఏ కెమెరాకూ అందదు.

బోవెన్ ఫీల్డ్ ఖాళీగా లేదు. 2021 నుంచి అక్కడ బ్లూఫీల్డ్ రిడ్జ్ రన్నర్స్ అనే కొత్త జట్టు ఆడుతోంది. అపలాచియన్ లీగ్ పేరు అలాగే ఉంది, చెక్క బ్యాట్లే, మేజర్ లీగ్ అండ కూడా ఉంది. ఆడేవాళ్లు వేసవి సెలవుల్లో వచ్చే కాలేజీ విద్యార్థులు. కాలేజీ ఆటగాళ్లు కాబట్టి వాళ్లకు జీతం లేదు.