సైనికుడి ఇల్లాలు ఉద్యోగం మానుకోవాలా?

తాడేపల్లిగూడెం పక్కన ఉన్న మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరది. అక్కడి నుంచి దిగువన లంకల దాకా మిలిటరీ ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లకు కోడళ్లుగా వస్తున్న అమ్మాయిల్లో ఇప్పుడు టీచర్లు, ఏఎన్‌ఎంలు, సచివాలయ ఉద్యోగులు కనిపిస్తున్నారు. పెళ్లయిన ఏడాదికే వాళ్లకు ఒక సలహా వినిపిస్తుంది: "అల్లుడు ఎక్కడో బోర్డర్లో ఉంటే నీకెందుకమ్మా ఉద్యోగం? పిల్లల్ని చూసుకో, చాలు."

ఆ సలహా ప్రేమతో ఇచ్చిందే కావచ్చు, కానీ తప్పు. సిపాయికి పెన్షన్ రావడానికి కావలసిన సర్వీసు 15 ఏళ్లు. ఇరవై లోపు చేరినవాళ్లు చాలామంది నలభై నిండకుండానే ఇంటికి వచ్చేస్తారు. అప్పటికి పెద్ద పిల్ల హైస్కూల్లో ఉంటుంది. ఆయన జీతం ఆగి, పెన్షన్ మొదలై, రెండో ఉద్యోగం కుదిరే వరకూ ఇల్లు నిలబడేది భార్య జీతం మీదే. 2022లో సిపాయిల్ని నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. నాలుగేళ్ల తర్వాత సైన్యంలో కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మందే.

ఉద్యోగం నిలుపుకోవడానికి ప్రభుత్వం చేసే సాయం తక్కువ. భార్యాభర్తలను వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలని కేంద్రం 2009 సెప్టెంబరు 30న ఇచ్చిన ఉత్తర్వు ఉంది. కానీ ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టు, జిల్లా క్యాడర్‌ది. ఆయన జోధ్‌పూర్‌లోనో లేహ్‌లోనో ఉంటే భీమవరం టీచరును అక్కడికి పంపే అధికారం ఎవరికీ లేదు. పైగా ఆయన రెండు మూడేళ్లకోసారి మారుతూనే ఉంటాడు. స్పౌజ్ నిబంధనలన్నీ భర్త ఒకచోట కుదురుగా ఉంటాడన్న ఊహ మీద రాసినవే. జీతం లేని సెలవు పెట్టి వెళ్తే ఇంక్రిమెంటు వెనక్కి జరుగుతుంది. రాష్ట్ర ఉద్యోగినులకు 2022 నుంచి ఉన్న 180 రోజుల శిశు సంరక్షణ సెలవును ఆయన ఫీల్డ్ పోస్టింగ్‌లో, అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకోలేని చోట ఉన్న సమయంలో ఖర్చు పెట్టకుండా దాచుకోవడం మేలు. ఆయన కుటుంబంతో ఉండగలిగే పీస్ స్టేషన్‌కు వచ్చి, క్వార్టర్ చేతికి అందాక, వేసవి సెలవులకు దీన్ని కలిపి వెళ్తే కుటుంబం కొన్ని నెలలు ఒకచోట ఉంటుంది. క్వార్టర్ వరస రాకముందే బయలుదేరితే సగం సెలవు అద్దె ఇల్లు వెతుక్కోవడానికే పోతుంది.

పిల్లల చదువులో తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది తొమ్మిదో తరగతి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద ఉన్న స్థానికత నిబంధన ప్రకారం, అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడి యూనివర్సిటీ పరిధిలో చదవాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి వస్తాయి. ఎనిమిది దాకా తండ్రితో ఎక్కడ చదివినా నష్టం లేదు. తొమ్మిదిలో కూడా పంజాబ్‌లోనే ఉంచేస్తే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్థానికత దగ్గర చిక్కు వస్తుంది. సీట్లలో సైనికుల పిల్లలకు క్యాప్ అనే ప్రత్యేక కోటా ఉంది కదా అన్న ధీమా వద్దు. అందులో సీట్లు కొన్నే, పోటీపడేది రాష్ట్రమంతా.

అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లను ఏడిపించేది కాగితం. పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్లో పార్ట్ టూ ఆర్డర్ పడాలి, అంటే ఆ సంగతి సైన్యం రికార్డులో ఎక్కించే ఉత్తర్వు రావాలి. అది రికార్డు ఆఫీసుకు చేరితేనే ఆమె సైన్యం లెక్కలో భార్య. డిపెండెంట్ కార్డు, పిల్లల చదువు భత్యం, రేపు అవసరమైతే ఫ్యామిలీ పెన్షన్, అన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. మన పేర్లు అడ్డం పడేది సరిగ్గా ఇక్కడే. పదో తరగతి మెమోలో, సర్వీసు రిజిస్టర్లో పుట్టింటి ఇంటిపేరు ముందుంటుంది. పెళ్లయ్యాక ఎవరో చెప్పారని ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఎక్కిస్తారు. మన ఇంటిపేర్ల సంగతి తెలియని యూనిట్ క్లర్కు దాన్ని చివరకు జరుపుతాడు. కె.వెంకటలక్ష్మి ఒక కాగితంలో లక్ష్మి కె. అవుతుంది, ఇంకోదానిలో వెంకట ఒక్కటే మిగులుతుంది. ఇది బయటపడేది క్లెయిము పెట్టిన రోజున, అంటే ఇంట్లో ఎవరికీ తిరిగే ఓపిక లేని రోజున.

కాబట్టి ఉద్యోగం చేసే అమ్మాయి పెళ్లి తర్వాత ఆధార్‌లో పేరు మార్చుకోకపోవడమే మంచిది. మెమోలో ఉన్న స్పెల్లింగే పాన్‌లో, బ్యాంకులో, వివాహ రిజిస్ట్రేషన్‌లో, పార్ట్ టూ ఆర్డర్లో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పెళ్లి సెలవు ముగిసేలోపే వివాహ సర్టిఫికెట్, జాయింట్ ఫొటో, ఆధార్ నకళ్లు ఆయన పెట్టెలో పడాలి. ఆర్డర్ పడ్డాక దాని నకలు ఇంటికి పంపించమనాలి. ఆయన ప్రావిడెంట్ ఫండ్‌లో, గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అప్పటిదాకా తల్లిదండ్రుల పేరే ఉంటుంది. నామినేషన్ మార్చడం గురించి ఎత్తితే అత్తమామలు నొచ్చుకుంటారని చాలామంది వాయిదా వేస్తారు. ఆ మాట కొడుకే, పెళ్లికి ముందే, తల్లిదండ్రుల ఎదుట చెప్పాలి. వాటా ఎవరికెంతో రాసుకునే వీలు ఉన్నచోట రాసుకోవాలి.

పొలం ఉంటే ఇంకో చిక్కు. పట్టాదారు పాస్ పుస్తకం ఆయన పేరున, ఓటీపీ వచ్చేది ఆయన ఫోనుకు, ఆ ఫోనుకేమో సిగ్నల్ లేదు. సార్వా నాట్లకు ముందు కౌలుదారుకు సాగు హక్కు పత్రం కావాలంటే 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి. సంతకం లేక పత్రం ఆగితే కౌలురైతుకు పంట రుణం, బీమా దక్కడం కష్టమవుతుంది. ఆ కోపం చూపించేది ఇంట్లో ఉన్న ఆమె మీదే. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో భార్య పేరున జనరల్ పవరాఫ్ అటార్నీ రిజిస్టర్ చేయిస్తే ఈ బాధ తప్పుతుంది. అందులో కౌలుకివ్వడం, శిస్తు కట్టడం, పంట నమోదు, పంట సొమ్ము తీసుకోవడం విడివిడిగా రాయించాలి. అమ్మకం అధికారం అక్కర్లేకపోతే అదీ స్పష్టంగా రాయించాలి. గ్యాసు, కరెంటు, పిల్లల బడికి ఇచ్చిన ఫోన్ నంబరు ఆమెదే అయి ఉండాలి.

వరద రోజుల గురించి ఎవరూ మాట్లాడరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది. రెండోది వచ్చేసరికి కోనసీమలో చాలా లంకలకు పడవే దారి. అదే సమయానికి ఏఎన్‌ఎంకు పునరావాస కేంద్రంలో డ్యూటీ పడుతుంది. భర్త సరిహద్దులో, ఆమె శిబిరంలో ఉంటే, పిల్లల్ని, ముసలివాళ్లని గట్టు ఎక్కించేది ఎవరు? డ్యూటీ జాబితా వేసే అధికారి సైనిక కుటుంబాల ఉద్యోగినులకు సొంత మండలంలోనే, పిల్లల్ని వెంట ఉంచుకోగలిగే కేంద్రంలో పని ఇవ్వాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. జూన్‌లోనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అలాంటి ఉద్యోగినుల పేర్లు కలెక్టరేట్‌కు పంపితే సరిపోతుంది.

జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. సంక్రాంతికి అందరూ అడుగుతారు, అందరికీ దొరకదు. దొరికినా ఆ వారం ఆఫీసులు తెరిచి ఉండవు. కాగితాల పని ఉన్న ఏడాది కనీసం పది రోజులు జూన్‌లో అడగాలి. బళ్లు తెరిచేదీ, కౌలు ఒప్పందాలు రాసుకునేదీ, గోదావరికి ఎర్రనీరు రాకముందు తీరిక ఉండేదీ అప్పుడే.