కరోలిన్ షా: రాసేదీ ఆమే, పాడేదీ ఆమే

అమెరికన్ స్వరకర్త కరోలిన్ షా గురించి ఎవరు రాసినా ముందు వయసు దగ్గరే మొదలుపెడతారు. 2013లో సంగీతానికి పులిట్జర్ బహుమతి వచ్చేసరికి ఆమెకు 30 ఏళ్లు, అంత చిన్న వయసులో దాన్ని అందుకున్నవాళ్లు అంతకుముందు లేరు. నాకైతే వయసు కన్నా పెద్ద విషయం వేరే ఉంది. అప్పటికి ఆమె ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, వయొలిన్ వాయిస్తూ, రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్ అనే ఎనిమిది మంది గాయకుల బృందంలో పాడుతున్నారు. బహుమతి తెచ్చిన 'పార్టిటా ఫర్ 8 వాయిసెస్' ఆ బృందం కోసం రాసిందే, ఆ ఎనిమిది గొంతుల్లో ఒకటి ఆమెదే.

వాగ్గేయకారుల గురించి వింటూ పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనపడదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మాత్రం ఒకరు కాగితం మీద రాసిస్తే ఇంకొకరు పాడడం ఎప్పుడో స్థిరపడిపోయిన పద్ధతి. షా సంగీతంలో ఆ దూరం లేదు. పక్కన నిలబడ్డ మనిషికి ఊపిరి ఎక్కడ తగ్గుతుందో, ఏ స్వరం దగ్గర గొంతు బిగుసుకుంటుందో తెలిసిన మనిషి రాసింది అది. మసాచుసెట్స్‌లోని మాస్ మోకా మ్యూజియంలో బృందం వేసవుల్లో సాధన చేస్తున్నప్పుడు, 2009 నుంచి 'పార్టిటా' ఒక్కో భాగంగా తయారైంది. మొదటి భాగం 'అల్లెమాండ్' వినండి. స్క్వేర్ డాన్స్ అనే అమెరికన్ జానపద నృత్యం ఆడించేవాళ్లు అడుగులు చెప్పినట్టు ఉత్త మాటలతో మొదలవుతుంది, అందులో చిత్రకారుడు సోల్ లెవిట్ తన గోడ చిత్రం గీయడానికి రాసిన సూచనలు వచ్చి కలుస్తాయి, మాట మీద మాట పడి సంతగోల అయిపోయి, ఉన్నట్టుండి అందరూ ఒక్కసారిగా పాటలోకి వచ్చేస్తారు. ఆ క్షణం ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత గ్రామీలు కూడా వచ్చాయి, 2022లో 'నారో సీ' అనే మరో రచనకు వచ్చినదానితో సహా. అయితే ఈ పొగడ్తల్లో చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. 'పార్టిటా'లోని 'కూరాంట్' అనే భాగంలో కటజ్జాక్ పద్ధతి వినిపిస్తుంది. ఆర్కిటిక్ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ ఆడవాళ్లు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపిరితో, గొంతుతో పోటీగా పాడే ఆట అది. 2019లో ఇన్యూట్ గాయని తాన్యా తగాక్ దీని మీద బహిరంగంగా నిలదీశారు, మా సంప్రదాయాన్ని వాడుకుని మా పేరు చెప్పరేం అని. ఇన్యూట్ గాయనుల దగ్గర శిక్షణ తీసుకున్నామని బృందం చెప్పింది. అది అబద్ధమని నేననను, కానీ గురువు దగ్గర నేర్చుకోవడం ఒకటి, నలుగురిలో ఆ గురువు పేరు చెప్పడం ఇంకొకటి. తగాక్ అడిగింది న్యాయమే. స్వరకర్త తన గొంతుకు ఇచ్చుకున్న విలువే ఆ గొంతులకూ దక్కాలి కదా. 'కూరాంట్' పాడిన ప్రతి కచేరీలో, కార్యక్రమ పత్రం మీద షా పేరు పక్కనే కటజ్జాక్ పేరు, అది నేర్పినవాళ్ల పేర్లు కూడా అచ్చవ్వాలి.